ఉప్పలవ్వ ఒక్కపొద్దు

విమానం ఎంత దూరం పోతుందో, ఎంత సేపట్లో పోతుందో చెప్పే పేజీలు ఫోన్లో ఉంటాయి. ఒక విమానాశ్రయం పేరు ఇటు కొట్టి, ఇంకో దాని పేరు అటు కొడితే నడుమ వంగిన గీత ఒకటి పడుతుంది. కింద కిలోమీటర్లు, గంటలు. హైదరాబాద్ నుంచి ఎడిన్‌బరోకు దాదాపు ఎనిమిది వేల కిలోమీటర్లట. ఎక్కడా ఆగకుండా ఎగిరితే పది గంటలట. ఆ పేజీ తెరిచిన ప్రతిసారీ నాకు ఒళ్లు మండిపోతుంది. అసలు ఆగకుండా పోయే విమానం ఆ ఊరికి ఉందా లేదా అన్నది కూడా ఆ పేజీకి అక్కర్లేదు. గీత గీసేసింది, దాని పని అయిపోయింది.

నా పేరు పద్మలత. జనగామ బస్టాండు వెనక సందులో బట్టలు కుడతాను. నాకు కోపం ఎక్కువని సందంతా అంటుంది. అననీ. మా ఉప్పలవ్వకు జరిగింది విన్నాక మీకు కోపం రాకపోతే అప్పుడు మీ సంగతి చూద్దాం.

ఉప్పలవ్వ మా పక్కింట్లో ఉంటుంది. పుట్టింది దంతాలపల్లిలో, పెళ్లయి జనగామ వచ్చింది. భర్త పోశయ్య రైస్ మిల్లులో హమాలీ. ఆమె పని పసిపిల్లలకు స్నానం పోయడం. పీట మీద కూర్చుని, కాళ్లు చాపి, వాటి మీద బిడ్డను పండబెట్టుకుని నూనె రాస్తుంది. సున్నిపిండితో నలుగు పెడుతుంది. వేడి వేడి నీళ్లు చెంబుతో పోస్తూ తల ఒత్తి, ముక్కు సరిచేసి, ఊదు పొగ వేసి, బట్టలో చుట్టి తల్లి చేతికిస్తుంది. ఇచ్చేసరికి బిడ్డ నిద్రపోతుంది. ఈ ఊళ్లో బడికి పోతున్న పిల్లల్లో సగం మంది ఆమె కాళ్ల మీద ఏడ్చినవాళ్లే. నా బిడ్డ నవ్య కూడా ఏడ్చింది. ఏడ్చి, ఏడ్చి, పొద్దెక్కిందాకా పడుకునేది. ఆ నెల రోజులే నేను కంటి నిండా నిద్రపోయింది.

ఉప్పలవ్వకు ఒక పద్ధతి ఉంది. కొత్త బిడ్డకు మొదటిసారి నీళ్లు పోయబోయే ముందురోజు ఆమె ఒక్కపొద్దు ఉంటుంది. మా వైపు ఉపవాసాన్ని ఒక్కపొద్దు అంటాం. కొందరు పాలు తాగుతారు, పండు తింటారు. ఉప్పలవ్వ పచ్చి మంచినీళ్లు కూడా ముట్టదు. పొద్దు గూకాలి, తలస్నానం చెయ్యాలి, దీపం ముట్టించాలి, అప్పుడు ఇంత అన్నం తినాలి. తెల్లారి బిడ్డను కాళ్ల మీదికి తీసుకోవాలి. ఆమె అత్త అట్లా చేసేది, ఆ అత్త అత్త కూడా అట్లాగే చేసిందట. ఎందుకవ్వా అని నేనొకసారి అడిగాను.

"నాలుగు దినాల పిలగాడు. మెడ నిలవదు. నా చేతుల వెడుతున్నరు," అంది. "ఒక్కదినం కడుపు మాడ్చుకుంటె ఏం పోయింది? చేతికి జర భయం ఉంటది."

ఒకసారి కాటారం నుంచి పిలుపొస్తే పోయింది. హనుమకొండలో బస్సు మారి, భూపాలపల్లిలో ఇంకోటి మారి పోవాలి. ఆ రోజే ఒక్కపొద్దు. భూపాలపల్లి దాటాక అడవిలో బస్సు ఆగిపోయింది. అందరూ దిగి తిట్టుకుంటుంటే ఈమె రోడ్డు మీద నిలబడి చెట్ల సందుల్లోంచి పొద్దు గూకడం చూసి, దండం పెట్టుకుని, కొంగున కట్టుకున్న బెల్లం ముక్క నోట్లో వేసుకుందట. అది చెప్పి నవ్వేది. ఏ ఊరు పోయినా పొద్దు ఆడికి రాకపోతదా బిడ్డా అనేది.

ఇక శోభారాణి మేడం గురించి చెప్పాలి. నెహ్రూ పార్కు దగ్గర పెద్ద ఇల్లు, ఎరువుల దుకాణం వాళ్లది. ఆమె బిడ్డ శ్రేయ, అల్లుడు అరవింద్ ఎడిన్‌బరోలో ఉద్యోగాలు చేస్తారు. శ్రేయకు నెలలు నిండాయి. మేడం మోకాలి ఆపరేషన్ చేయించుకుని ఉంది, తను పోలేదు. అందుకని ఉప్పలవ్వను పంపాలని తీర్మానించుకుంది. శ్రేయ పుట్టినప్పుడు నీళ్లు పోసింది కూడా ఉప్పలవ్వేనండీ. బిడ్డకు పోసినామె బిడ్డ బిడ్డకు పోస్తే మంచిదని మేడం తానే అంది. పాస్‌పోర్టు చేయించారు, వీసా తెచ్చారు. కాగితాల్లో ఉప్పలవ్వను శ్రేయకు చిన్నమ్మ అని రాశారు. ఆడ ఎవరడిగినా చిన్నమ్మనని చెప్పాలని పదిసార్లు వల్లె వేయించారు. పనికి తీసుకుపోతున్నామంటే రానియ్యరట. అయ్యో, ఎంత ప్రేమ! ఆ చిన్నమ్మకు మేడం ఇంట్లో కుర్చీ వేయడం నేనెప్పుడూ చూడలేదు.

శ్రేయకు ఆడపిల్ల పుట్టింది. ప్రయాణం ఖాయమైంది. జాకెట్టు కొలతలివ్వడానికి మేడం నా దుకాణానికి వచ్చిన రోజు ఉప్పలవ్వ అక్కడే ఉంది. ఈ మాటలు జాగ్రత్తగా వినండి. ఇవి నా కత్తెర పక్కన నిలబడి మాట్లాడిన మాటలు.

"శోభమ్మా, గాడ ఎప్పుడు దిగుత?" అని ఉప్పలవ్వ అడిగింది.

మేడం ఫోన్ తీసి టికెట్ చూసింది. "పొద్దుగాల పదింటికి ఎక్కుతవ్. నడుమ ఒక్క దగ్గర మారుతవ్. రాత్రి ఎనిమిదిన్నరకు దిగుతవ్. అదే దినం. ఏం పరేషాన్ లేదు."

"మరి తెల్లారి పిల్లకు నీళ్లు పోస్తనా?"

"పోయాలె మరి. శ్రేయ పాణం ఆగుతలేదు."

"అట్లయితె పోయే దినమే ఒక్కపొద్దు ఉంట. ఇమానంల పొద్దు గూకుతది గద, దిగినంక ఇంత తింట."

"ఉండు, ఏమైతది," అంది మేడం. "ఎనిమిదిన్నర అంటె చీకటే గద."

ఇదీ మాట. టికెట్ మీద దిగే సమయం ఆ ఊరి గడియారానిదని మేడంకు తెలియదా? బిడ్డతో రోజూ వీడియోలో మాట్లాడుతుంది. ఇక్కడ రాత్రి పన్నెండు అవుతుంటే అక్కడ ఇంకా వెలుగు ఉండటం కిటికీలోంచి చూసింది. ఎండాకాలంలో ఆ ఊళ్లో రాత్రి పదింటి దాకా పొద్దు గూకదు. మమ్మీ ఇంకా ఎండ ఉన్నదే అని శ్రేయ నవ్వుతూ చూపించిందని మేడమే నాకు గొప్పగా చెప్పింది. అది ముచ్చట చెప్పుకోవడానికి గుర్తుంది గానీ, ఒక మనిషి నీళ్లు తాగకుండా కూర్చోవడానికి పోతుంటే గుర్తు రాలేదు.

జూన్ నెల. తెల్లవారకముందే కారు వచ్చింది. ఉప్పలవ్వ నేను కుట్టిన కొత్త జాకెట్టు తొడుక్కుని, సున్నిపిండి డబ్బా, నువ్వుల నూనె సీసా సంచిలో సర్దుకుని పోయింది. పోయిన మనిషి రెండు వారాలు తిరగకుండా వచ్చేసింది. మూడు నెలలు ఉండి రావలసిన మనిషి. సంచిలో సున్నిపిండి డబ్బా మూత కూడా తియ్యలేదు.

ఆ దారి సంగతి ఆమె నాకు ఒక్కసారిగా చెప్పలేదు. కాజాలు కుడుతూ ఇంత, టీ తాగుతూ ఇంత చెప్పింది.

నడుమ దిగిన ఊళ్లో నడినెత్తిన ఎండ. అక్కడ చాలాసేపు కూర్చోబెట్టారు. ఇంకో విమానం ఎక్కితే కిటికీ పక్కన సీటు. పొద్దు కొంచెం వాలింది. ఇంకేం, గూకుతుందిలే అనుకుంది. విమానం పడమటికి పోతూనే ఉంది, పొద్దు ముందర పోతూనే ఉంది. వాలుతుంది, ఆగుతుంది. అన్నం తెచ్చారు, వద్దంది. నీళ్లు తెచ్చారు, వద్దంది. కిటికీ మూయమని ఆ అన్నం తెచ్చిన పిల్ల వచ్చి సైగ చేస్తే మూసింది, ఆమె పోయాక జర ఎత్తి చూసింది. ఎండ. పక్క సీట్లో మన భాష అబ్బాయి ఒకడు, గుంటూరు వైపు వాడట. పొద్దు ఎప్పుడు గూకుతది బిడ్డా అని అడిగితే ఆమె మాటకు ముందు నవ్వాడు. నవ్వడం అయ్యాక చెప్పాడు.

"మన దేశంలో ఎప్పుడో చీకటి పడిపోయిందండీ మామ్మగారూ. వాచీ చూసుకుని తినేయండి."

"మన ఊర్ల గూకింది గని, నా మీద గూకలే గద," అందట ఈమె.

మొండితనం అంటారా? నేనూ అన్నాను. అవ్వా, ప్రాణం కన్నా ఎక్కువా, ఇన్ని నీళ్లు తాగితే దేవుడేమన్నా చూస్తున్నాడా అని కోప్పడ్డాను.

"దేవుడు చూస్తడో చూడడో నాకెర్క లే," అంది. "నేను చూస్తున్న గద కిటికీలకెల్లి. ఎండను చూసుకుంట తిని, తెల్లారి పిల్లను ఎట్ల వట్టుకోవాలె?"

విమానం దిగింది. ఎనిమిదిన్నర. బయట ఎండ. ఇక్కడ మనకు అర్ధరాత్రి దాటిన వేళ. వరుసలో నిలబెట్టారు. ఆ వరుస పాములా మెలికలు తిరిగి ఉందట. అక్కడి అధికారి ఏదో అడిగాడు, ఈమె చిన్నమ్మ చిన్నమ్మ అంది. ముద్ర కొట్టి వదిలారు. సంచీ తీసుకుని బయటికొచ్చింది. అరవింద్ చెయ్యి ఊపుతున్నాడు. అద్దాల్లోంచి ఎర్రగా పొద్దు ఇంకా కనబడుతూనే ఉంది. అది చూస్తూ చూస్తూ అక్కడే కూలబడిపోయింది.

దవాఖానలో సెలైన్ పెట్టారు. మనిషికేం జబ్బు లేదు, తిండీ నీళ్లూ లేక పడిపోయింది అని డాక్టర్లు చెప్పారు. అక్కడితో అయిపోవాల్సింది కదా? కాలేదు. ఈమె మీకేమవుతుంది, ఎందుకొచ్చింది, ఎన్నాళ్లుంటుంది అని వివరాలు రాసుకోవడానికి వచ్చిన దవాఖాన ఆమె అరవింద్‌ను అడిగింది.

"గంతే బిడ్డా, అరవింద్ బాబు మొఖం తెల్లవడ్డది," అని ఉప్పలవ్వ చెప్పింది. "ఇంటికి తోలుకపోయి ముంగటి అర్రల ఉంచిండ్రు. పిల్ల లోపల్నే ఏడుస్తది. పోయి ఎత్తుకుందునా అంటె, వద్దు అవ్వా నీకు పాణం బాగలేదు అంటరు. రాత్రంత ఏడ్చేది. కడుపుల గాలి వట్టిన ఏడుపు, నాకు ఎర్కనే. తలుపు అవతల ఏడ్వంగ ఇన్న. అంత దూరం వొయ్యి పిల్ల మొఖం సూడలే నేను."

అబద్ధం బయటపడుతుందని అల్లుడికి భయం. అందుకని టికెట్ మార్చి పంపేశారు. కానీ అసలు సంగతి ఇంకా ముందుంది.

ఆమె ఎందుకు తిరిగొచ్చిందని ఊళ్లో అడుగుతారు కదా. శోభారాణి మేడం ఏమని చెబుతుంది? దొంగ కాగితాలతో పంపామని చెబుతుందా? ఆమెకు మూర్ఛ ఉందని చెప్పింది. విమానం దిగుతూనే మూర్ఛ వచ్చి కొట్టుకుందట, అదృష్టం బాగుండి బిడ్డను ఇంకా చేతికివ్వలేదట. పెళ్లిళ్లలో చెప్పింది, బ్యూటీ పార్లర్‌లో చెప్పింది. మూర్ఛ ఉన్న మనిషి చేతికి, చెంబుడు వేడి నీళ్లకు నడుమ పసిబిడ్డను ఎవరు పెడతారు? తిరిగొచ్చాక ఉప్పలవ్వ సిద్దిపేట రోడ్డులో ఒక బాలింత ఇంటికి రోజూ పోతుండేది. ఆ ఇంటివాళ్లు గేటు దగ్గరే ఆపి, మా చిన్నక్క పోస్తానంటోంది అన్నారు. ఆ తర్వాత పిలుపులే లేవు. ముప్పై ఏళ్ల పేరు ఒక్క మాటతో పోయింది.

నేను మేడం ఇంటికి పోయాను. చెప్పులు కూడా సరిగ్గా విడవకుండా లోపలికి పోయాను.

"మేడం, అవ్వ ఒక్కపొద్దు ఉంటనని మీకు చెప్పింది. నా ముంగట చెప్పింది. మీరు ఉండుమన్నరు."

"నాకేం చెప్పలే," అంది ఆమె, పూలు కడుతూ. తల కూడా ఎత్తలేదు.

"నా దుకాణంల చెప్పింది. జాకెట్టు కొలతలిచ్చిన దినం."

"పద్మా, నువ్వు బట్టలు కుట్టుకో. పెద్దోళ్ల ముచ్చట్ల నీకెందుకు? నా మనుమరాలు కిందవడి సస్తె నువ్వు తెచ్చిస్తవా?"

పసిబిడ్డ పేరు చెప్పి చావు మాట ఎత్తే మనిషితో ఏం మాట్లాడతాం? ఆమె జాకెట్లు మూడు నా దగ్గర ఉన్నాయి. మర్నాడే కుట్టకుండా ముక్కలుగా తిప్పి పంపేశాను. దాంతో నా కోపం తీరిందా అంటే తీరలేదు.

ఉప్పలవ్వ మాత్రం పోట్లాడలేదు. నా దుకాణంలో ఓ మూల కూర్చుని హుక్కులు, గుండీలు కుట్టడం మొదలుపెట్టింది. సందులోంచి పసిపిల్ల ఏడుపు వినబడితే సూది ఆగేది. ఆకలి ఏడుపు అనేది. ఇంకోసారి, నిద్ర ఏడుపు అనేది. మళ్లీ కుట్టేది. అది చూస్తుంటే నాకు ఏడుపొచ్చేది, మిషను గట్టిగా తొక్కేదాన్ని.

డిసెంబరులో శ్రేయ బిడ్డను తీసుకుని జనగామ వచ్చింది. బిడ్డకు పుట్టువెంట్రుకలు తీయించాలట. వచ్చి నాలుగు రోజులైందో లేదో, ఇల్లంతా గోలగోల అయిందని వాళ్ల పనిమనిషి నాకు చెప్పింది. పిల్ల పగలంతా లేపినా లేవదు, రాత్రంతా పడుకోదు, గుక్కపట్టి ఏడుస్తుంది. హనుమకొండ తీసుకుపోయి పెద్ద డాక్టరుకు చూపించారు. ఏం లేదన్నాడు.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం కారు నా దుకాణం ముందు ఆగింది. మేడం దిగింది. కుంటుకుంటూ లోపలికి వచ్చి స్టూలు మీద కూర్చుంది. పరదా వెనక ఉప్పలవ్వ హుక్కులు కుడుతోంది. మేడం చూడలేదు. నేనూ చెప్పలేదు.

"పద్మా, జర ఒక సాయం చెయ్యి. ఉప్పలమ్మకు చెప్పు. పిల్లకు నూనె వెట్టి నీళ్లు వొయ్యాలె. నిద్ర లేక ఇంటిల్లిపాది సస్తున్నం."

నేను కత్తెర కింద పెట్టాను. "మూర్ఛ ఉన్నామెతోనా మేడం?"

ఆమె వినపడనట్టే చెప్పుకుపోయింది. "చీకటి వడ్డంక ఎనుక గేటుకెల్లి రమ్మను. ఎవలకు చెప్పకు. డాక్టర్ ఏమన్నడంటె, పిల్ల మస్తు దూరంకెల్లి వచ్చింది గద, గక్కడి పొద్దుకే అలవాటై ఉన్నదట. ఈడ రాత్రి అయితె ఆడ ఇంక పగలే గద. పిల్ల ఒంటికి ఇంక మన పొద్దు అందలేదట. పాపం, దానికేం ఎరుక?"

పరదా కదిలింది. ఉప్పలవ్వ బయటికి వచ్చింది. చేతిలో సూది, దారం అట్లాగే ఉన్నాయి. మేడం ముఖం చూడాల్సింది మీరు.

"శోభమ్మా," అంది ఉప్పలవ్వ. గొంతు పెంచలేదు. "నీ మనుమరాలి మీద ఆ ఊరి పొద్దు ఇంక గూకలే అంటె నమ్మినవ్. నా మీద పొద్దు గూకలే అంటె మూర్ఛ అన్నవ్. గదే ఇమానం గద. గదే దూరం గద."

నేను ఏదో అనబోతే ఉప్పలవ్వ చేత్తో ఆపింది.

"పోస్త," అంది. "పిల్ల నాకేం జేసింది? నీ బిడ్డ గూడ నా కాళ్ల మీదనే పెరిగింది. పోస్త గని, చీకట్ల రాను. ఎనుక గేటుకెల్లి రాను. రేపు నా ఒక్కపొద్దు. పొద్దు పొడవంగనే వచ్చి మీ ఇంటి ముంగట అరుగు మీద కూసుంట. పొద్దు గూకేదాక ఆడనే ఉంట. మూర్ఛ వస్తదో రాదో ఊరంత చూడాలె. ఎవలన్న ఎందుకు కూసున్నదని అడిగితె నేను చెప్ప. నువ్వే చెప్పాలె."

"గదేం మాట ఉప్పలమ్మా! లోపల ఫ్యాను కింద కూసో, మంచం ఏస్త..."

"మూర్ఛ అని లోపల గూసొని చెప్పినవా శోభమ్మా? బజార్ల చెప్పినవ్."

మేడం చివరికి సరేనంది. అనక ఏం చేస్తుంది, ఇంట్లో పిల్ల ఏడుస్తోంది.

ఆ మర్నాడు నేను దుకాణం తెరవలేదు. అట్లాంటి రోజు ఎవరైనా మిషను తొక్కుతారా! ఉప్పలవ్వ నేను కుట్టిన ఆ విమానం జాకెట్టే తొడుక్కుని, తలకు కొంగు కప్పుకుని, అరుగు మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. నేను ఎదురుగా కిరాణా కొట్టు గడప మీద కూర్చున్నాను. పాలవాడు వచ్చాడు. ఏందవ్వా ఈడ గూసున్నవ్ అన్నాడు. పాల గిన్నెతో గేటు దగ్గరికి వచ్చిన మేడం వైపు ఉప్పలవ్వ చూసింది.

"మా మనుమరాలికి రేపు నీళ్లు వోస్తది. ఇయ్యాల ఒక్కపొద్దు," అంది మేడం, గొణుగుతున్నట్టు.

"ఆమెకు మూర్ఛ అన్నరు గదమ్మా మీరు?" అన్నాడు వాడు. వాడికి నేనేమీ నేర్పలేదు, ఒట్టు.

"లేదు," అంది మేడం.

తర్వాత బ్యూటీ పార్లర్ ఆమె వచ్చింది. సిద్దిపేట రోడ్డు ఇంటావిడ స్కూటీ ఆపి మరీ అడిగింది. ఎండెక్కిన కొద్దీ జనం పెరిగారు. ప్రతివారికీ మేడం గేటు దగ్గరికి కుంటుకుంటూ వచ్చి చెప్పాల్సి వచ్చింది. ఒక్కపొద్దు. మూర్ఛ లేదు. ఒక్కపొద్దు. మూర్ఛ లేదు. మొదట్లో గొణిగింది, తర్వాత తర్వాత విసుగ్గా గట్టిగానే చెప్పింది. నాకు మాత్రం ఎంత గట్టిగా చెప్పినా ఇంకా చాలలేదు.

మధ్యాహ్నం శ్రేయ నిద్రపోతున్న బిడ్డను భుజాన వేసుకుని బయటికి వచ్చింది. ఉప్పలవ్వ పక్కన అరుగు మీద కూర్చుంది. తర్వాత అందరూ ఉండగానే తల్లితో అంది.

"మమ్మీ, ఆకలికి పడిపోయిందని డాక్టర్ చెప్పిండని నేను అప్పుడే ఫోన్ల చెప్పిన గద నీకు. మూర్ఛ అని ఎందుకు చెప్పినవ్?"

మేడం గేటు పట్టుకుని నిలబడిపోయింది. అంటే ఈమెకు మొదటి రోజు నుంచీ తెలుసు! నేను లేచి నిలబడ్డాను. ఏమేమి తిట్టాలో అన్నీ నాలుక చివరిదాకా వచ్చాయి. ఉప్పలవ్వ నా వైపు చూసి, కూసో బిడ్డా అన్నట్టు చెయ్యి ఊపింది. కూర్చున్నాను. శ్రేయ తన సంగతి కూడా చెప్పింది. మమ్మల్ని పట్టుకుంటరని భయపడ్డం అవ్వా, నిన్ను పిల్ల దగ్గరికి రానియ్యకపాయె, తప్పయింది అంది. బిడ్డ పాదం ఒకటి బట్టలోంచి బయటికి వచ్చి ఉంది. ఉప్పలవ్వ దాన్ని చూసింది. ముట్టుకోలేదు. ఇంకా పొద్దు ఉంది కదా.

చలికాలపు పొద్దు, తొందరగానే వాలింది. ఎదురింటి డాబా నీడ రోడ్డు దాటి అరుగు ఎక్కింది. మేడం లోపల్నుంచి పళ్లెంలో అన్నం, చెంబుతో నీళ్లు తానే పట్టుకొచ్చింది.

"పొద్దు గూకింది ఉప్పలవ్వా," అంది. ఆమె నోట అవ్వ అనే మాట రావడం అదే మొదలు. "తానానికి నీళ్లు కాగినయి, లే."

ఉప్పలవ్వ కదల్లేదు. పెదవులు ఎండిపోయి ఉన్నాయి, కళ్లు మాత్రం తేటగా ఉన్నాయి.

"గూకిందా?" అంది. "ఈడికెల్లి నాకు కండ్లవడత లేదు. డాబా అడ్డమున్నది. ఆనాడు టికెట్ జూసి చెప్పినవ్. ఇయ్యాల పొద్దును జూసి చెప్పు."

మేడం పళ్లెం అరుగు మీద పెట్టింది. ఆపరేషన్ మోకాలితో మెట్లు దిగింది. గేటు దాటి, నిలబడి చూస్తున్న జనం నడుమ నుంచి నడిచి, పడమర కనబడే మూల దాకా పోయింది. అక్కడ చెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకుని నిలబడింది. నిలబడే ఉంది. ఇంకా అంచు ఏదో మిగిలి ఉన్నట్టుంది. అందరం ఆమెనే చూస్తున్నాం. లోపల పిల్ల లేచి ఏడుపు అందుకుంది. అయినా ఆమె కదల్లేదు.

చాలాసేపటికి ఇటు తిరిగింది.

"ఇప్పుడు గూకింది," అంది, బజారంతా వినబడేలా.

ఉప్పలవ్వ అప్పుడు లేచింది.